నైస్‌కు వ్యతిరేకపదం

మా మేనమామ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. నేను తెలుగు ఎం.ఏ. చేసి ఒక పత్రికకు వంటల పేజీ రాస్తుంటాను. దోశ పిండి గురించి రాసిన ఒక వ్యాసంలో ‘మినప్పప్పు నైస్‌గా రుబ్బుకోవాలి’ అన్న వాక్యం ఆయన కంట పడింది. ఆ ఒక్క మాట మీద మా ఇద్దరికీ వాదన మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. అందులో గట్టివనుకున్న మాటలు ఇక్కడ పెడుతున్నాను. రాసేది నేను కాబట్టి మామయ్య మాటల పదును ఎక్కడా తగ్గకూడదని జాగ్రత్త పడ్డాను.

మామయ్య: నైస్ అంటే మెత్తన అని ఏ ఇంగ్లీషు నిఘంటువులో ఉందో చూపించమ్మా. బాగుందని చెప్పే మాటను తీసుకొచ్చి పప్పు రుబ్బడానికి అంటగట్టావు. ఇంట్లో ఎలా మాట్లాడుకున్నా పరవాలేదు. అచ్చులో రాసేటప్పుడు మాట ఎక్కడిదో, దాని అర్థమేమిటో చూసుకోవద్దూ?

నేను: ఆ వాక్యం తెలుగు చదివేవాళ్ల కోసం రాశాను మామయ్యా, ఇంగ్లీషువాళ్ల కోసం కాదు. పిండిమరకు బియ్యం పట్టుకెళ్తే మరవాడు అడిగే మొదటి మాట ‘నైసా, బరకా?’ అని. ఆ ప్రశ్న విని ఎవరూ తికమక పడరు. జంతికలకైతే నైస్ అంటాం. ఉప్మాలోకి రవ్వ కావాలంటే బరక అంటాం. సున్నుండలకైతే మినుములు మరీ నైస్‌గా పట్టొద్దు, అంగిట్లో అంటుకుంటుంది, కాస్త పలుకు ఉంచమంటాం. పెసరట్టుకూ అంతే, కొంచెం బరక తగిలితేనే అట్టు కరకరలాడుతుంది. రుబ్బేటప్పుడు చిటికెడు పిండి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాస్తారు చూడండి, వేలికి ఏమీ తగలకపోతే అది నైస్. ఇంత కచ్చితంగా కొలత చెబుతున్న మాటను తప్పని ఎలా అంటారు?

మామయ్య: ‘ఫైన్’ అనాల్సిన చోట ఎవరో ‘నైస్’ అన్నారు, అది అలా అతుక్కుపోయింది. పదిమంది వాడితే తప్పు ఒప్పవుతుందా?

నేను: లెక్కల్లో కాదు. భాషలో అవుతుంది.

మామయ్య: అంత తేలిగ్గా తేల్చకు. నా బాధ పిండి దగ్గర మొదలైంది కాదు. నేను దిద్దిన జవాబు పత్రాల్లో నవల నైస్, రచయిత నైస్, కథానాయిక నైస్, ముగింపు వెరీ నైస్. పేజీ తిప్పితే అదే. పిల్లలు పుస్తకం చదవలేదని కాదు, కొందరు శ్రద్ధగా చదివారు. కానీ చదివింది ఏమిటో చూసుకునే అవసరం లేకుండా ఆ మాట వాళ్లకు అడ్డం వచ్చింది. ఇది నేను కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. జేన్ ఆస్టెన్ నవల ‘నార్తాంగర్ అబ్బే’లో ఉంది. ఆమె 1817 జూలైలో పోయింది, ఆ డిసెంబరులో పుస్తకం వచ్చింది. అందులో క్యాథరిన్ అనే పదిహేడేళ్ల పిల్ల, ఆన్ రాడ్‌క్లిఫ్ రాసిన ‘ఉడాల్ఫో’ నవల ఎంత నైస్ పుస్తకమో అంటుంది. హెన్రీ టిల్నీ ఊరుకోడు. నైస్ అంటే నీటుగా ఉందనా, అది బైండింగును బట్టి ఉంటుంది కదా అంటాడు. ఈ రోజు నైస్, ఈ నడక నైస్, మీరిద్దరూ నైస్ అని వరసపెట్టి చూపిస్తాడు. ఒకప్పుడు శుభ్రతనూ ఔచిత్యాన్నీ సున్నితమైన అభిరుచినీ చెప్పిన మాట ఇప్పుడు ఏ మెప్పుకైనా సరిపోతోందని అతని ఫిర్యాదు. రెండు వందల ఏళ్ల తర్వాత నాదీ అదే ఫిర్యాదు.

నేను: ఆ ఘట్టం నాకూ ఇష్టం. కానీ మీరు సగంలో ఆపారు. పక్కనే అతని చెల్లెలు ఎలినార్ ఉంది. నైస్ అనే మాట నిజానికి నీకే తగినది, అదీ మెప్పుగా కాదు, నీకు వివేకం కన్నా నైస్‌తనం ఎక్కువ అని అన్నను అక్కడే ఆపుతుంది. ఆమె దృష్టిలో నైస్ అంటే అతి పట్టింపు. అతను పాతదీ గొప్పదీ అనుకున్న అర్థంతోనే అతనికి చురక వేసింది. ఆస్టెన్ పూర్తిగా హెన్రీ పక్షాన ఉందని నేను నమ్మను. అన్నాచెల్లెళ్లిద్దరి చేతా మాట్లాడించి, ఏమీ తెలియని క్యాథరిన్ మనసు నొచ్చుకోకుండా చూసింది.

మామయ్య: పాత్ర ఎవరైనా, చెప్పిన విషయం నిజమే కదా.

నేను: అదీ పూర్తిగా నిజం కాదు. ఆ మాటకు మొదటి అర్థం ఔచిత్యం, అభిరుచి అని హెన్రీ ఊహిస్తాడు. మొదటి అర్థం అది కానే కాదు. లాటిన్‌లో ‘నెస్కియుస్’ అంటే తెలియనివాడు. ‘నె’ అంటే కాదు, ‘స్కీరే’ అంటే తెలియడం. సైన్స్ అన్న మాట పుట్టింది కూడా ఆ ‘స్కీరే’ నుంచే. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చేటప్పటికి నైస్ అంటే తెలివితక్కువ అని. చాసర్ కాలంలో మనిషిని నైస్ అంటే బుద్ధిహీనుడన్నట్టే. అదే లాటిన్ మాట స్పెయిన్‌లో ‘నేసియో’ అయింది, నేటికీ అక్కడ మూఢుడనే అర్థం. మూలార్థాన్నే ప్రమాణంగా పట్టుకుంటే, రచయిత నైస్ అని రాసిన మీ విద్యార్థి రచయితను తిట్టినట్టు లెక్క.

మామయ్య: మూలార్థమే ప్రమాణమని నేనెప్పుడన్నాను? మన శాస్త్రాల్లో యోగార్థం కన్నా రూఢి బలమైనదని చెప్పారు. పంకజం అంటే బురదలో పుట్టిందని. బురదలో పుట్టేవి చాలా ఉన్నాయి, అయినా పంకజం అంటే తామర ఒక్కటే. నేను కాపాడమంటున్నది ఆ రూఢినే. 1755లో జాన్సన్ తన నిఘంటువులో నైస్‌కు మొదట ఇచ్చిన అర్థం అణువంత తేడాను కూడా పట్టుకునే కచ్చితత్వం. తెలివితక్కువ అన్న చోట బయల్దేరిన మాట అంత ఎత్తుకు ఎక్కింది. ఎక్కడాన్ని ఆపమనడం లేదు. ఎక్కిన మాటను లాగి కింద పడేస్తే మాత్రం చూస్తూ ఊరుకోమంటే ఊరుకోను.

నేను: అది ఎక్కిన దారి ఒకసారి చూడండి. తెలివితక్కువ నుంచి ఏమీ తెలియని బిడియం. బిడియం నుంచి సుకుమారం. సుకుమారం నుంచి ఎంచి ఎంచి తినే, ఎంచి ఎంచి మాట్లాడే పట్టింపు. పట్టింపు నుంచి సూక్ష్మ దృష్టి, కచ్చితత్వం. సూక్ష్మంగా చూసేవాడికి నచ్చినది కాబట్టి ఇంపైనది. ఈ ఇంపైన అన్న అర్థం 1769 నాటికే కనబడుతుంది. దయగల మనిషి అన్న అర్థం 1830 ప్రాంతంలో వచ్చింది. ఇందులో ప్రతి అడుగూ దాని ముందు తరానికి తప్పుగానే వినిపించి ఉంటుంది. 16, 17 శతాబ్దాల రచనల్లో ఈ మాట ఏ అర్థంలో వాడారో చాలా చోట్ల తేల్చలేకపోతున్నామని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువాళ్లే రాసుకున్నారు. ‘రోమియో అండ్ జూలియట్’లో లారెన్స్ స్వామి పంపిన ఉత్తరం రోమియోకు చేరలేదు. ఆ సంగతి తెలిసినప్పుడు ఆయన ఆ ఉత్తరం నైస్ ఉత్తరం కాదని వాపోతాడు. అంటే అల్లాటప్పా ఉత్తరం కాదని. షేక్‌స్పియర్ చేతిలో అల్పమైనది అయిన మాట, జాన్సన్ చేతికి వచ్చేసరికి అణువంత తేడాను పట్టుకునేది అయింది. మీరు ఏ సంవత్సరం దగ్గర గడియారం ఆపమంటారు?

మామయ్య: ఎక్కడో ఒకచోట ఆపక తప్పదు. లేకపోతే నిన్న రాసింది ఇవాళ చదవలేం.

నేను: ఆపాలన్నా ఆగదు. మన మాటలే చూడండి. సభికుడు అంటే సంస్కృతంలో జూదశాల నడిపేవాడు. ఇప్పుడు సభకు వచ్చిన పెద్దమనుషులందరినీ సభికులారా అని పిలుస్తున్నాం, ఎవరికీ కోపం రావడం లేదు. కంపు అనే మాట పాత తెలుగులో మంచి వాసనకూ వాడారు. కన్నడంలో కంపు అంటే ఇప్పటికీ పరిమళమే. మన దగ్గర ముక్కు మూసుకునే స్థితికి వచ్చింది. స్పెయిన్‌లో నేసియో, ఇంగ్లండ్‌లో నైస్ ఎలా విడిపోయాయో, కంపు కూడా కర్ణాటక పొలిమేర దాటితే అలాగే విడిపోయింది. ఇంగ్లీషులోనే ‘సిల్లీ’ నైస్‌కు ఎదురు దారిలో నడిచింది. మొదట ధన్యుడు అన్న అర్థం. తర్వాత అమాయకుడు, ఆ పైన పాపం అనిపించేవాడు, చివరికి తెలివితక్కువవాడు. ఈ రెండు మాటలూ నడి దారిలో ఒకదానికొకటి ఎదురైనట్టు నాకు అనిపిస్తుంది.

మామయ్య: కంపు గురించి నీకెంత తెలుసో నాకూ అంత తెలుసు. అక్కడ అర్థం మారింది, కానీ అర్థం పోలేదు. పరిమళం పోయి దుర్గంధం వచ్చింది, రెండూ స్పష్టమైనవే. నైస్‌కు జరిగింది అది కాదు. అన్ని అర్థాలూ అరిగిపోయి ఒక చల్లని ఆమోదం మిగిలింది. 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో ఇదే చెప్పాడు, ఆ మాట సొంత గుణమంతా పోయి కొంచెం ఇంపు చల్లడానికి మాత్రం పనికొస్తోందని.

నేను: ఫౌలర్ ఆ నేరం ఎవరి మీద వేశాడో కూడా చెప్పండి.

మామయ్య: ఆడవాళ్ల మీద. వాళ్లకు ఆ మాట మీద మోజు ఎక్కువై దాన్ని పాడుచేశారని రాశాడు. అది అతని కాలం జాడ్యం. దాన్ని నేను సమర్థించను.

నేను: మీరు సమర్థించరని తెలుసు. కానీ ఈ వాదనలో ఆ మాట ఊరికే రాలేదు. హెన్రీ టిల్నీ పాఠం చెప్పింది పదిహేడేళ్ల ఆడపిల్లకు. ఫౌలర్ తప్పు పట్టింది ఆడవాళ్లని. అతను అది రాసేనాటికి కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ఆడవాళ్లకు పూర్తి డిగ్రీలు ఇవ్వడమే లేదు, 1948లో గాని ఇవ్వలేదు. చదువుకు అడ్డం నిలబడి, మాట పాడైందని వాళ్లనే అన్నారు. మన దగ్గర ఏం జరిగిందో చూడండి. ఇంగ్లీషు బడిలో అడుగుపెట్టని ఆడవాళ్లు, రోటి దగ్గరా మర దగ్గరా కూర్చునేవాళ్లు, అదే మాటను తీసుకుని దానికి వేలికి తగిలేంత కచ్చితమైన అర్థం ఇచ్చారు. ఇంగ్లండులో అరిగిపోయిందని పెద్దలు బాధపడిన మాటకు మన వంటింట్లో కొత్త పదును వచ్చింది.

ఇక్కడ మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఒప్పుకున్నారని కాదు. ఆయన అలవాటు అది. ఎదుటి మాటలో బలం ఉందనిపిస్తే దాన్ని దాటి ఇంకో వైపు నుంచి వస్తారు. ఈసారి కోర్టు వైపు నుంచి వచ్చారు.

మామయ్య: నైస్‌కు ఆ పాత కచ్చితత్వం ఇంకా పోని చోటు ఒకటి ఉంది. న్యాయస్థానం. చట్టంలో తెగని సన్నని చిక్కు వస్తే ‘ఇది నైస్ క్వశ్చన్ ఆఫ్ లా’ అని లాయర్లు ఇప్పటికీ అంటారు. అక్కడ నైస్ అంటే ప్రశ్న ఇంపుగా ఉందని కాదు, వెంట్రుకవాసి తేడా మీద తీర్పు అటో ఇటో తిరుగుతుందని. పక్కన కూర్చున్న కక్షిదారుడు ఆ మాట విని తన కేసు బాగుందనుకుంటాడు. నీ వాడుక సిద్ధాంతం ఆ మనిషికి ఏం చెబుతుంది?

నేను: లాయరుగారు కక్షిదారుడికి తెలిసే మాట వాడాలని చెబుతుంది. ఆ చిక్కుకు మనకు ధర్మసూక్ష్మం అన్న మాట ఉంది. మహాభారతం విన్న ప్రతివాడికీ తెలుసు. సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్ముడు జవాబు చెప్పలేకపోయింది ధర్మం సూక్ష్మం కావడం వల్లే. ఇంగ్లీషులో నైస్ ఆ బరువు మోయలేని స్థితికి వచ్చినా ఆ పనికి మాటలు మిగిలే ఉన్నాయి.

మామయ్య: ధర్మసూక్ష్మం అన్నావు, బాగుంది. సూక్ష్మం అంటే సన్నం. నీ మరవాడి నైస్ కూడా సన్నమే. అంటే నీ వంటింటి అర్థం జాన్సన్ అర్థానికి చుట్టమని చెప్పబోతున్నావా?

నేను: ఆ చుట్టరికం మీద నా వాదన నిలబెట్టను. పక్కపక్కన పెట్టి చూస్తే ముచ్చటగా ఉంది, అంతే. నాకు ముఖ్యమైంది వేరే. తెలుగులో నైస్ ఒక్క పిండికే పరిమితం కాలేదు. ‘నైస్‌గా అడిగి అప్పు పట్టుకుపోయాడు’, ‘పని అంతా నా మీద వేసి నైస్‌గా జారుకున్నాడు’, ‘నైస్‌గా మాట్లాడి సంతకం పెట్టించుకున్నారు’ అంటాం. వీటిలో ఎక్కడా మెప్పు లేదు. పిండి నైస్‌గా ఉండటానికీ మనిషి నైస్‌గా జారుకోవడానికీ మధ్య ఉన్నది ఒకే గుణం, నునుపు. పలుకు తగలని పిండి. గరుకు తగలని మాట. గరుకు లేదు కాబట్టే మనకు తెలియకుండా వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. ఇంగ్లీషులో నైస్ అంటే మంచి. తెలుగులో నైస్ అంటే మంచి కాదు, నున్నన. ఆ నునుపు పిండిలో ఉంటే కావాలి, మనిషిలో ఉంటే ఓ కంట కనిపెట్టాలి. ఇంత తెలివైన విభజన తెచ్చిన మాట భ్రష్టమైందని అనగలరా?

మామయ్య: ఇది నేను ఆలోచించని కోణం, కాదనను. దానికి నా దగ్గర ఇంకో సాక్ష్యం కూడా ఉంది. అమెరికాలో మీ వదిన వాళ్లబ్బాయికి బడిలో చెప్పే మొదటి నియమం ‘బీ నైస్’. ఎవరినీ నొప్పించకు అని. ఆ పిల్లవాడు ఇంటికొచ్చి, అమ్మమ్మ నైస్‌గా లేదు, నన్ను కోప్పడింది అన్నాడట. మీ అత్తయ్య నొచ్చుకుంది. ఆవిడ వాణ్ణి కోప్పడింది చలిలో చెప్పుల్లేకుండా బయటికి పరిగెత్తాడని. మంచితనంలో గరుకు కూడా ఉంటుంది. నైస్‌లో దానికి చోటు లేదు.

నేను: అయితే మీరు నా పక్షానికి వచ్చినట్టే.

మామయ్య: తొందరపడకు. నీ తెలుగు నైస్ నిలబడితే నిలబడనీ. నేను పోయిన వాటి గురించి మాట్లాడుతున్నాను. మా అమ్మ పిండి కాటుకలా రుబ్బమనేది. గంధంలా నూరమనేది. వెన్నలా రావాలనేది. ఈ మూడూ ఒకటి కావు. కాటుక నున్నన, గంధం చిక్కన, వెన్న తేలిక. గారెల పిండి వెన్నలా తేలాలి, నీళ్లలో వేస్తే పైకి రావాలి. మసాలా గంధంలా ఉండాలి. మూడు చోట్లా నైస్ అని రాస్తే ఎలాంటి నైస్ అని నీ పాఠకురాలు ఎవర్ని అడుగుతుంది? కూర కమ్మగా ఉంటుంది, పాట ఇంపుగా ఉంటుంది, గాలి హాయిగా తగులుతుంది, చంటిపిల్ల ముచ్చటగా ఉంటుంది, నడక సొంపుగా ఉంటుంది. ఇవన్నీ నా చిన్నప్పుడు మామూలు ఇళ్లలో మామూలు మనుషుల మాటలు. కవిత్వం కాదు. ఇప్పుడు వీటన్నిటికీ కలిపి నైస్ ఒకటి, సూపర్ ఒకటి. గిడుగువారు వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారని నువ్వు అంటావని తెలుసు. ఆయన అడిగింది శిష్ట వ్యావహారికం. ఆ మాటలో శిష్ట అన్న సగాన్ని మీరంతా మర్చిపోయారు.

నేను: కాటుక, గంధం, వెన్న గురించి మీరన్నది నేను కాదనలేను. మసాలా గురించి రాసేటప్పుడు గంధంలా అనే రాయాలి, అక్కడ నైస్ సరిపోదు. కానీ అన్నిటికీ ఒకే మెప్పుమాట వాడటం ఇంగ్లీషు తెచ్చిన రోగం కాదు. బాగుంది అన్న మాట మనదే కదా. సంబంధం బాగుంది, సాంబారు బాగుంది, సినిమా బాగుంది, ఒంట్లో బాగుంది. తెలంగాణలో మంచిగుంది అంటారు, అదీ అన్నిటికీ పనికొస్తుంది. కోపం వస్తే ‘బాగానే ఉంది నీ వరస’ అని దాన్నే తిట్టుకూ వాడతాం. గిడుగువారి శిష్టులు కూడా రోజుకు ఎన్నిసార్లు బాగుంది అని ఉంటారో. ఏ భాషలోనైనా అలాంటి మాట ఒకటి ఉండక తప్పదు. ప్రతిసారీ సొంపు, ఇంపు వెతుక్కుంటూ కూర్చుంటే సంభాషణ సాగదు.

మామయ్య: సంభాషణకు సరే. మరి రాతకు?

నేను: రాతకు ఒక పరీక్ష చెబుతాను, సరిపోతుందేమో చూడండి. ఒక చోట ఒక మాటకు అర్థం మిగిలి ఉందో లేదో తెలియాలంటే, అక్కడ దానికి వ్యతిరేకపదం ఏదో అడగాలి. మర దగ్గర నైస్‌కు వ్యతిరేకం బరక. ఆలోచించకుండా వస్తుంది. నైస్‌గా అడగడానికి వ్యతిరేకం మొహం మీద అడగడం. కోర్టులో నైస్ ప్రశ్నకు వ్యతిరేకం ఎవరికైనా కనబడే మోటు సంగతి. ఈ మూడు చోట్లా ఆ మాటకు ప్రాణం ఉంది. ఫోటో కింద నైస్ అని పెడతారు కదా, అక్కడ దానికి వ్యతిరేకం ఏమిటి?

మామయ్య: ఏమీ పెట్టకుండా ఊరుకోవడం.

నేను: అంటే అక్కడ నైస్ అన్నది ఫోటో గురించి ఏమీ చెప్పడం లేదు. నేను చూశాను, నువ్వు గుర్తున్నావు అని మాత్రం చెబుతోంది. వీధిలో ఎదురైతే బాగున్నారా అంటాం. ఎలా ఉన్నారో విని తెలుసుకోవాలని కాదు, పలకరించకుండా పోకూడదని. అది చిన్న పని కాదు.

మామయ్య: పలకరింపు ఫోటోకు చాలు. నవలకు చాలదు.

నేను: చాలదు. అక్కడ మీతో ఏకీభవిస్తాను.

ఈ వ్యతిరేకపదం సంగతి మామయ్యకు పట్టింది. మేడ మీద అద్దెకున్నవాళ్ల అబ్బాయి ఆయన దగ్గరికి ఇంగ్లీషుకు వస్తాడు, తొమ్మిదో తరగతి. ఓ. హెన్రీ ‘ది లాస్ట్ లీఫ్’ చదివించి అభిప్రాయం రాయమంటే, కథ వెరీ నైస్ అని ఒక వాక్యం రాసి నోటుబుక్ ఇచ్చేశాడట. మామయ్య దాన్ని కొట్టివేయలేదు. ఈ కథలో ఏం మారితే నైస్ కాకుండా పోతుందని అడిగారు. పిల్లవాడు కొంత సేపు పెన్ను క్యాప్ కొరుకుతూ కూర్చున్నాడు. తర్వాత, ఆ చివరి ఆకు నిజం ఆకే అయ్యుంటే నైస్ కాదండీ అన్నాడు. ఎందుకని అడిగితే, నిజం ఆకైతే దాని పాటికి అది ఉంది, ముసలాయన వానలో నిలబడి గోడ మీద బొమ్మ వేసి ఆ అమ్మాయిని బతికించింది ఉండదు కదా అన్నాడు. ఇది చెప్పడానికే మామయ్య నాకు ఫోన్ చేశారు.

మామయ్య: చూశావా, వాడి బుర్రలో ఇంత ఉంది. నైస్ అన్న మాట దాన్ని మొత్తం కప్పేసింది. కథను వాడు నా కన్నా బాగా చదివాడు, నోటుబుక్‌లో మాత్రం ఎవరైనా రాయగల వాక్యం రాసి ఊరుకున్నాడు.

నేను: కప్పేసిందని ఎందుకంటారు? ఆ మాట రాయబట్టే మీరు దాన్ని పట్టుకుని లోపలికి వెళ్లగలిగారు. వాడి దగ్గర ఇంకా మాటలు లేనప్పుడు, ఇక్కడ నాకు ఏదో నచ్చింది అని గుర్తు పెట్టుకోవడానికి ఆ ఒక్క మాట ఉంది.

మామయ్య: నేను పక్కన కూర్చుని అడిగాను కాబట్టి చెప్పాడు. రేపు పరీక్షలో వాడి పేపరు దిద్దేవాడు వాణ్ణి ఏమీ అడగలేడు.